విషయసూచిక బాబాయి

మా పత్రిక అట్ట తిప్పగానే మూడో పేజీలో విషయసూచిక ఉంటుంది. దాన్ని ఎవరూ చూడరని మా సంపాదకుడి నమ్మకం. అందరూ ముందు చూసేది అదేనని బాబాయి నమ్మకం. నేను ప్రూఫులు దిద్దేదాన్ని, నాకు ఇద్దరి నమ్మకాలతోనూ పనిలేదు. తప్పు ఎక్కడ దొరికినా తప్పే. కానీ ఇన్నేళ్ళ ఉద్యోగంలో పని కోసం కాకుండా ఊరికే చూస్తూ కూర్చున్న పేజీ ఏదైనా ఉందంటే అదొక్కటే.

బాబాయి నాకు చుట్టమేమీ కాదు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే, వయసులో ఆయనకంటే పెద్దవాడైన సంపాదకుడికి కూడా. మిగతా పేజీలన్నీ కంప్యూటర్ల గదిలో తయారైతే ఈ ఒక్క పేజీ మాత్రం కిటికీ పక్కన వాలుబల్ల మీద, ఆయన చేతి మీదుగా తయారయ్యేది. అందుకే ఫోన్లో ఎవరైనా 'ఏ బాబాయి?' అని అడిగితే మేం 'విషయసూచిక బాబాయి' అనేవాళ్ళం.

ఈ పేజీతో ఒక తిరకాసు ఉంది. పాఠకుడికి అన్నిటికన్నా ముందు కనిపించేది, మాకు అన్నిటికన్నా చివర తయారయ్యేది. ఏ కథ ఏ పేజీలో పడుతుందో తేలేదాకా దానికి మోక్షం లేదు. ఆఖరి గంటలో సబ్బు ప్రకటన ఒకటి ఊడిపడిందంటే చాలు, కథలన్నీ ఒక్కో పేజీ వెనక్కి జరుగుతాయి, సూచికలో అంకెలన్నీ మారాలి. అప్పుడు మేమందరం ప్రకటనల మేనేజర్ని మనసారా తిట్టుకుంటాం. బాబాయి మాత్రం కిక్కురుమనకుండా రబ్బరు తీసుకునేవాడు.

కథ పేరుకీ పేజీ అంకెకీ మధ్య చుక్కల వరుస పెట్టడానికి ఆయన ససేమిరా ఒప్పుకునేవాడు కాదు. "చుక్కలు పట్టుకుని తడుముకుంటూ నడవడానికి పాఠకుడేమైనా చీకట్లో ఉన్నాడా అమ్మాయ్?" అనేవాడు. అంకె ముందు, లావుగా. దాని పక్కనే కథ పేరు. కింద సన్నగా రచయిత పేరు. ఆ పక్కన బొటనవేలి గోరంత బొమ్మ, నల్ల సిరాతో. ఆ బొమ్మ చూస్తే చాలు, ఆ కథ చదవకుండా ఉండలేం. అందులో మనుషుల మొహాలు ఉండవు. ఒక చెయ్యి, ఒక కుర్చీ, సగం తెరిచిన తలుపు, అంతే.

ఇంతా చేసి ఆ కథల్లో ఒక్కటి కూడా ఆయన చదివేవాడు కాదు. చదువు రాక కాదు. అచ్చు కాగితం చూస్తే ఆయన కంటికి మాటలు ఆనేవి కావు, మాటల మధ్య తెల్లటి ఖాళీలు ఆనేవి. రెండు పేరాలు చదివేసరికి 'ఈ పంక్తి వదులుగా ఉంది' అని పెన్సిలు తీసేవాడు. కథ ఆయన బుర్రకెక్కాలంటే ఎవరో ఒకరు నోటితో చెప్పాల్సిందే. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఒక్కరే, పిన్ని. అంటే ఆయన భార్య.

నెలనెలా ప్రూఫులన్నీ ఒక గుడ్డసంచిలో వేసుకుని ఆయన ఇంటికి పట్టుకెళ్ళేవాడు. పగలంతా పిన్ని చదివేది, సాయంత్రం వంట చేస్తూ చెప్పేది. ఆలస్యంగా తేలిన కథ ఇవ్వడానికి నేను ఒకటి రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి, పైకెక్కేసరికి నా ఆయాసం నాకే వినిపించింది. వంటింట్లో పిన్ని పొయ్యి పక్కన ఎత్తు పీట మీద కూర్చుని గరిటె తిప్పుతోంది. బాబాయి కింద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాడు.

"ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడండీ," అంటోంది పిన్ని. "లోపలికి రావాలని ఉంది, కానీ చెప్పులు విప్పడు. విప్పితే ఉండిపోవాలి కదా! వాళ్ళక్క చూసింది. చూసి కూడా చూడనట్టే ఉంది. మీరు ఆ కాయ ఈనె తియ్యకుండానే పడేశారు."

"తర్వాతేమైంది?" అన్నాడు బాబాయి, పడేసిన కాయ మళ్ళీ తీసుకుంటూ.

ఆ 'తర్వాతేమైంది' అనడంలో పసిపిల్లాడి ఆత్రం ఉండేది. ఏభై దాటిన మనిషి అలా నోరు తెరుచుకుని వినడం నేనెక్కడా చూడలేదు. మా ఇంట్లో నేను ఒక మాట పూర్తి చేసేలోపు మా ఆయన టీవీ చప్పుడు పెంచుతారు. ఆ రోజు మెట్లు దిగుతూ, పిన్ని ఎంత అదృష్టవంతురాలో అని నిజంగా కుళ్ళుకున్నాను.

ఒక విచిత్రం చెప్పాలి. బాబాయి బొమ్మలకీ లోపలి కథలకీ ఒక్కోసారి పొంతన ఉండేది కాదు. ఇల్లొదిలి పోయిన బస్సు డ్రైవరు కథకి, మంచం పక్కన విడిచిన డ్రైవరు టోపీ వేశాడు. కథలో ఆయన మళ్ళీ ఇంటి మొహం చూడడు. నేను ప్రూఫు పట్టుకెళ్ళి సంపాదకుడికి చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "అమ్మా, బొమ్మ కథని అనువదించకూడదు, కథతో వాదించాలి. అదీ కళ," అన్నాడు. కళ అన్నాక నేను నోరు మూసుకోవాల్సిందే. పాఠకులు కూడా అలాగే అనుకున్నట్టున్నారు, ఒక్కరూ అడగలేదు.

అంతా ఇలా నడుస్తుండగా పిన్ని వాళ్ళక్క స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆవిడ ఉండేది వేరే ఊళ్ళో, బస్సులో సగం పూట ప్రయాణం. కొన్నాళ్ళు సాయంగా ఉండి వస్తానని పిన్ని వెళ్ళింది. ఆ కొన్నాళ్ళు నెలలయ్యాయి. అక్కగారు మంచం దిగి, కర్ర పట్టుకుని, వీధి చివరిదాకా వెళ్ళి కూరలు కూడా బేరమాడుతోందని కబురొచ్చింది. పిన్ని మాత్రం రాలేదు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు.

రోజూ మధ్యాహ్నం ఆయన నా బల్ల పక్కన నిలబడి ఆవిడకి ఫోను చేసేవాడు. అక్కడే సిగ్నలు బాగా అందుతుంది కాబట్టి నేను చెవులు మూసుకున్నా వినిపించేది.

"తిన్నావా?"

అటునుంచి ఏదో జవాబు.

"నేనూ తిన్నాను. పేజీ అవుతోంది. ఆఁ, ఇల్లు బాగానే ఉంది. సరే మరి."

అంతే. ఫోను పెట్టేశాక కూడా దాన్ని చేతిలో పట్టుకుని కాసేపు చూసేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. రమ్మని ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా? ఒకరోజు అడిగేశాను కూడా.

"ఎలా రమ్మంటానమ్మాయ్?" అన్నాడు. "రమ్మంటే, కథలు చెప్పే మనిషి లేక రమ్మంటున్నాననుకోదూ?"

"మరి అందుకు కాదా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. "కూరలు ఇద్దరికీ సరిపడా కొనేస్తున్నాను," అన్నాడు. "వంటింట్లో కూర్చుని ప్రూఫు పైకి చదువుకుందామని చూశాను. నా గొంతు నాకే ఎవరిదోలా ఉంది. ఆవిడ లేకపోతే ఆ ఇంట్లో నాకు ఏ పక్క నిలబడాలో తెలీడం లేదు."

నేను తలొంచుకుని పని చేసుకున్నాను.

ఆవిడ వెళ్ళాక పాత బొమ్మలే తిప్పి తిప్పి వేస్తూ వచ్చాడు. ఆ నెల కూడా అలా పేజీ వెళ్ళడం ఆయనకి ఇష్టం లేక, నా దగ్గరికి పెన్సిలూ కాగితం తెచ్చుకుని కూర్చున్నాడు.

"ఆ గడియారాల కథ కాస్త చెప్పమ్మా."

"ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు. కొడుకుతో మాటల్లేవు. కొడుకు గడియారం బాగుకొస్తుంది. బాగుచేసి పంపించేస్తాడు."

"తర్వాతేమైంది?"

"అయిపోయింది."

"అదేంటి! దుకాణంలో వెలుతురు ఎటునుంచి పడుతోంది?"

"బాబాయిగారూ, నాకింకా దిద్దాల్సినవి బోలెడున్నాయి."

"నీ కథ చెప్పడం కరెంటాఫీసువాళ్ళ ప్రకటనలా ఉందమ్మాయ్," అని నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. "మీ పిన్నయితే ఆ గడియారం చప్పుడు కూడా వినిపించేది. ఆ దర్జీ కథ చెప్పినప్పుడు చూడాల్సింది నువ్వు. ఊరందరికీ కుట్టిన మనిషి, చివరికి టేపు తీసి పెళ్ళాం భుజాలు కొలుస్తూ 'నీకే రంగు ఇష్టం?' అని అడుగుతాడు చూడు, అక్కడ ఆవిడ గరిటె తిప్పడం ఆపేసింది."

"ఎక్కడ అడుగుతాడు?"

"చివర్లో, పెళ్ళాం పోయే ముందు."

"ఆయన అడగడు బాబాయిగారూ. ఆ కథ ప్రూఫు నేను మూడుసార్లు చూశాను. పెళ్ళాం పోయాక పెట్టె తెరిస్తే అందులో తను కుట్టిన బట్ట ఒక్కటీ ఉండదు. అక్కడితో కథ సరి."

"కాదమ్మాయ్, అడుగుతాడు. నేను బొమ్మ కూడా వేశాను. భుజం మీద టేపు."

"మీరు వేశారు. ఆయన అడగలేదు."

ఆయన నా మొహంలోకి చూశాడు, నేను పరాచికాలాడుతున్నానేమోనని. తర్వాత లేచి, పాత సంచికలన్నీ ఏడాదికో పుస్తకంగా కుట్టి పెట్టిన గదిలోకి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నం బయటికి రాలేదు. మర్నాడు కూడా అందులోనే. అక్షరం మీద వేలు పెట్టుకుని, ఖాళీల వైపు చూపు పోకుండా పట్టుకుని, జీవితంలో మొదటిసారి తన పత్రిక తాను చదివాడు. మధ్యలో టీ పట్టుకెళ్తే కప్పు అందుకున్నాడు గానీ నన్ను చూడలేదు.

సాయంత్రం నా బల్ల దగ్గరికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది చదవడం వల్ల మాత్రమే కాదు.

"మార్చేసిందమ్మాయ్," అన్నాడు.

"పిన్నికి ఏడుపు కథలు పడవేమో."

"ఏడుపు తియ్యలేదు. చావులు చావుల్లాగే ఉంచింది. దర్జీ పెళ్ళాం మీ పిన్ని చెప్పిన కథలోనూ పోయింది. మార్చిందల్లా ఒక్కటే. తను మార్చిన ప్రతి కథలోనూ ఎవరో ఒకరు పక్కనున్న మనిషిని అడుగుతారు. ఎలా ఉన్నావని, ఏమాలోచిస్తున్నావని, నీకేం కావాలని. ఆ బస్సు డ్రైవరు ఇంటికి తిరిగొచ్చేదీ అలా అడగడానికే. అచ్చులో ఒక్కడూ అడగడు." ఆయన నా కుర్చీ వీపు పట్టుకున్నాడు. "ఇన్నేళ్ళు ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. 'తర్వాతేమైంది' అని తప్ప నేను ఇంకో మాట అడగలేదమ్మాయ్. ఆవిడ చెప్తూనే ఉంది. నేను బొమ్మలేసుకున్నాను."

అప్పుడు నాకు గుర్తొచ్చింది, ఆ రోజు మెట్లు దిగుతూ నేను దేన్ని చూసి కుళ్ళుకున్నానో. ఎంత గుడ్డిదాన్నో అనిపించింది.

వార్షిక సంచిక అచ్చుకి వెళ్ళాల్సిన రోజు దగ్గరికొచ్చింది. మామూలుగా ఒక పేజీ ఉండే సూచిక ఆ సంచికలో రెండు పేజీలు, ఎదురెదురుగా. బాబాయి ఏడాదంతా ఎదురుచూసేది దానికోసమే. ప్రెస్సు నుంచి అప్పటికే రెండుసార్లు ఫోనొచ్చింది. ఆయన పొద్దున్నే వచ్చి, వాలుబల్ల మీద కాగితాలన్నీ సర్ది, సంపాదకుడి గదిలోకి వెళ్ళాడు. తలుపు తెరిచే ఉంది.

"ఊరికెళ్తున్నాను," అన్నాడు.

"వెళ్ళండి బాబాయ్, పేజీ ఇచ్చేసి వెళ్ళండి."

"పేజీ చెయ్యలేదండీ."

సంపాదకుడు కుర్చీలోంచి లేచిపోయాడు. "వార్షిక సంచికండీ! సూచిక లేకపోతే పాఠకుడు దారి తప్పిపోతాడు!"

ఆ పేజీ ఎవరూ చూడరని నమ్మే పెద్దమనిషి ఆ మాటన్నాడు.

"ఒక్కసారికి తప్పిపోనివ్వండి," అని బాబాయి బయటికొచ్చేశాడు. నేను పేర్లూ అంకెలూ కంప్యూటర్లో కొట్టించి పంపించాను. అంకెలకీ పేర్లకీ మధ్య చుక్కలు కూడా పెట్టించారు. ఆ రెండు పేజీలు చూస్తే బ్యాంకువాళ్ళ నోటీసు గుర్తొచ్చేది.

ఆ ఊళ్ళో ఏం జరిగిందో ఆయన నాకు తర్వాత చెప్పాడు. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను.

తలుపు తీసింది వదినగారు, కర్రతో. "దారి ఇప్పటికి తెలిసిందా మరిదిగారూ?" అని దెప్పి, లోపలికి కేకేసింది. పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వస్తూనే ఆయన భుజం వైపు చూసింది.

"సంచేదీ?"

"తేలేదు."

"మరి పేజీ?"

"చెయ్యలేదు."

పిన్ని గబగబా దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యేసింది. "ఒంట్లో బాలేదా?"

"నాకు బానే ఉంది. నువ్వెలా ఉన్నావ్?"

"బాగానే ఉన్నాను."

"అలా కాదు," అన్నాడు బాబాయి. దారి పొడుగునా బస్సులో వల్లించుకున్న మాటలన్నీ అక్కడ గుమ్మంలో మర్చిపోయాడట. "నువ్వెలా ఉన్నావో నాకు తెలీదు. తెలుసుకుందామని వచ్చాను."

పిన్ని ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఎవరైనా చెప్పి పంపించారా ఇలా అడగమని?"

"లేదు."

వదినగారు ఉన్నట్టుండి కూరలు కొనాలని గుర్తొచ్చి వీధిలోకి వెళ్ళిపోయింది. పిన్ని కుర్చీలో కూర్చుంది. ఎవరి కథైనా ఆగకుండా చెప్పే మనిషికి తన సంగతి చెప్పడానికి నోరు పెగల్లేదు. బాబాయి తొందర పెట్టలేదు. చేతిలో పెన్సిలు లేదు, ఒలవడానికి కాయలు లేవు. ఊరికే ఎదురుగా కూర్చున్నాడు.

"మోకాళ్ళు నొప్పండీ," అంది పిన్ని, ఏదో తప్పు చేసినట్టు. "చాలా కాలం నుంచీ. మన మెట్లు దిగలేను. దిగితే ఎక్కలేను. ఆ పైనే ఉండిపోయేదాన్ని. మీరు తెచ్చే కాగితాల్లో మనుషులు తప్ప నాకు వేరే మనుషులు కనపడేవారు కాదు. ఇక్కడ గుమ్మం దాటితే వీధే. రోజూ సాయంత్రం అలా వెళ్ళి, ఎవరో ఒకరితో నాలుగు మాటలు మాట్లాడి వస్తున్నాను."

బాబాయికి అన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కూరలు తనే తెచ్చేవాడు, పాలు తనే తెచ్చేవాడు, ఆవిడ కిందకి రానంటే ఇల్లంటే ఇష్టం కాబోలు అనుకునేవాడు. అంత చిన్న కాగితం మీద అంత సన్నటి గీత గీసే మనిషికి, ఇంట్లో మనిషి గోడ పట్టుకుని నడుస్తుంటే కనపడలేదు.

"ఏ కాలు ఎక్కువ?" అని అడిగాడు.

"కుడిది."

ఆయన కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుని ఆ మోకాలి మీద చెయ్యి పెట్టాడు. వాచి ఉంది, వేడిగా ఉంది. పిన్ని వద్దనలేదు. కాసేపయ్యాక ఏడ్చింది. బాబాయి కూడా ఏడ్చానని నాకు చెప్పడానికేమీ సిగ్గుపడలేదు.

వచ్చేముందు, "నువ్వు లేకపోతే నాకు బాలేదు," అన్నాడట. "కథలకి కాదు. వస్తావా?"

"ఆ మెట్లెక్కి రాలేనండీ," అంది పిన్ని.

"మెట్లు లేకపోతే?"

ఆవిడ వెంటనే సరే అనలేదు. "చూద్దాం," అంది. అలా అన్నందుకు నేను ఆవిడని తప్పు పట్టను. ఒక్కసారి అడిగినంత మాత్రాన అన్నీ మర్చిపోవాలని ఎక్కడుంది?

మర్నాడు బాబాయి తిన్నగా నా బల్ల దగ్గరికే వచ్చాడు. "మీ వీధిలో కింది వాటా ఏదైనా ఖాళీగా ఉందా అమ్మాయ్?"

అప్పటినుంచి మధ్యాహ్నం భోజనాల వేళ ఆయనా నేనూ ఇళ్ళు చూస్తున్నాం. ఆయనతో ఇళ్ళు చూడ్డమంత నగుబాటు ఇంకోటి లేదు. నీళ్ళు వస్తాయా అని అడగడు, గోడలు చెమ్మగా ఉన్నాయా అని తట్టడు. వీధిలోంచి గుమ్మం, గుమ్మంలోంచి వంటిల్లు, వంటింట్లోంచి పెరడు. కుడికాలు ముందు పెట్టి, మెల్లగా ఒళ్ళు బరువంతా దాని మీద మోపుతూ, తనకే ఆ నొప్పి ఉన్నట్టు ఎక్కి దిగి చూస్తాడు. ఎత్తు గుమ్మమైతే తల అడ్డంగా ఊపి బయటికొచ్చేస్తాడు. ఇంటివాళ్ళు మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుని ఉంటారు.

మొన్న ఒక ఇల్లు దొరికింది. వీధిలో నేలా లోపలి నేలా ఒకే మట్టం. వీధి వైపు కిటికీ ఉంది, కిటికీ అవతల మనుషులు వెళ్తున్నారు, ఒకావిడ నడుస్తూ నడుస్తూ లోపలికి తొంగిచూసి పోయింది. బాబాయి ఆ కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు కదల్లేదు. పిన్ని 'చూద్దాం' దాటి ఇంకా ఏమీ అనలేదని నాకు తెలుసు.

ఇంటావిడ తాళాల గుత్తి తిప్పుకుంటూ వచ్చింది. "ఎవరెవరుంటారండీ? మీరొక్కరేనా?"

"ఇద్దరమండీ," అన్నాడు బాబాయి.

ఆవిడ సరేనని పెరటి తలుపు తియ్యడానికి వెళ్ళిపోయింది. ఆయన ఆ ఖాళీ గది మధ్యలో నిలబడి, ఎవరూ అడక్కుండానే, మళ్ళీ అన్నాడు.

"ఇద్దరం."